తలకిందుల సిలువంటే భయం, మెడలో మెడల్ ఉందంటే ధీమా

2000 మార్చి 24న రెండవ జాన్ పాల్ పోపు గారు గలిలయ సముద్రానికి ఎగువన, కొరజీను దగ్గరి కొండమీద పూజ చేశారు. ఆ రోజు ఆయన కూర్చున్న కుర్చీ వీపుమీద ఒక సిలువ చెక్కి ఉంది, తలకిందులుగా. "పోపు వెనకే సాతాను గుర్తు చూడండి" అన్న రాతతో ఆ ఫొటో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. పంపేవాళ్లలో వేరే సంఘాలవాళ్లు ఉంటే ఉండొచ్చు. కంగారుపడి ఫాదర్ గారికి చూపించేది మాత్రం మన విచారణల్లోని, అంటే చర్చి పరిధుల్లోని, కతోలికులే.

అది పునీత పేతురు సిలువ. నీరో కాలంలో రోములో తనను సిలువ వేసేటప్పుడు తల కిందికి ఉండేలా వేయమని పేతురే కోరాడని 3వ శతాబ్దపు పండితుడు ఓరిజెన్ చెప్పాడు. ఆ మాటను 4వ శతాబ్దంలో చరిత్రకారుడు యూసేబియస్ తిరుసభ (క్రైస్తవ సంఘం) చరిత్రలోకి ఎక్కించాడు. ప్రభువు మరణించిన తీరులోనే మరణించే అర్హత తనకు లేదని పేతురు భావించాడన్న వివరణ పునీత జెరోము ఇచ్చినది. పోపు పేతురు వారసుడు కాబట్టి ఆయన కూర్చునే ఆసనంమీద పేతురు సిలువ ఉంది, అంతకుమించి అందులో రహస్యం లేదు. ఇదే గుర్తును వెక్కిరింపు కోసం వాడేవాళ్లూ ఉన్నారు, దాన్ని సాతానుకు అంటగట్టడంలో హారర్ సినిమాల వంతూ ఉంది. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. దేహం లేని ఉత్త సిలువ తలకిందులుగా ఉండి, పక్కన తాళంచెవులో పేతురు పేరో ఉంటే అది అపొస్తలుడి గుర్తు. ప్రభువు దేహం ఉన్న పాటుపడిన స్వరూపాన్నే తిప్పి వేలాడదీస్తే అది కావాలని చేసిన అవమానం.

ఈ భయమూ, బండి హ్యాండిల్‌కు పునీతుల బొమ్మ ఉన్న మెడల్ కట్టి హెల్మెట్ ఇంట్లో వదిలి వెళ్లే ధీమా ఒకే చోట పుట్టినవి. ఇద్దరూ ఆకారంలోనే శక్తి ఉందనుకుంటున్నారు. ఒకరు దాన్ని చెడ్డ శక్తి అనుకుంటారు, ఇంకొకరు మంచి శక్తి అనుకుంటారు. తిరుసభ ఈ రెండింటినీ ఎప్పుడో తోసిపుచ్చింది. 787లో రెండవ నికేయా మహాసభ స్వరూపానికి, అంటే పవిత్రమైన బొమ్మకు, చేసే గౌరవం అది ఎవరిని చూపిస్తుందో వారికి చెందుతుందని తేల్చింది. 1563 డిసెంబరులో ట్రెంట్ మహాసభ మరో అడుగు వేసింది. స్వరూపాల్లో దైవత్వం గానీ శక్తి గానీ ఉందని నమ్మి గౌరవించకూడదు, వాటినుంచి ఏదీ అడగకూడదు, వాటిమీద నమ్మకం పెట్టుకోకూడదు అని తీర్మానించింది. ఇప్పటి సత్యోపదేశ గ్రంథం 2111వ పేరా దాన్ని ఇంకా సూటిగా చెబుతుంది: మనసులో ఉండాల్సినది లేకుండా పైపై క్రియతోనే ఫలితం వస్తుందనుకుంటే అది మూఢనమ్మకం.

దీనికి పునీత బెనెడిక్ట్ మెడల్‌ను మించిన ఉదాహరణ దొరకదు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది 1880లో, పునీతుడు పుట్టి 1400 ఏళ్లయిన సందర్భంగా మోంతే కస్సినో మఠం పేరున వచ్చిన నమూనా. ముందువైపు బెనెడిక్ట్ కుడిచేతిలో సిలువ, ఎడమచేతిలో మఠ నియమావళి. ఒకపక్క పగిలిన గిన్నె, ఇంకోపక్క కాకి. ఆయనకు విషం కలిపి ఇస్తే సిలువ గుర్తు వేయగానే పాత్ర పగిలిందని, విషం పెట్టిన రొట్టెను కాకి ఎత్తుకుపోయిందని మహా గ్రెగోరీ పోపు రాసిన జీవితకథలో ఉంది. ఆ కథ తెలియనివాళ్లు కాకిని చూసి "ఇదేదో క్షుద్రం" అనుకోవడం సహజమే.

అసలు చిక్కు వెనకవైపు. పెద్ద సిలువ, దానినిండా అక్షరాలు. నిలువు కమ్మీమీద పైనుంచి కిందికి సి, ఎస్, ఎస్, ఎం, ఎల్. అడ్డకమ్మీమీద ఎన్, డి, ఎస్, ఎం, డి. నడుమ ఉన్న ఎస్ రెండు వరుసలకూ ఉమ్మడి. నిలువు వరుస లాటిన్‌లో "పవిత్ర సిలువ నాకు వెలుగగును గాక" అనే వాక్యానికి పొడి అక్షరాలు. అడ్డం వరుస "ఘటసర్పం నాకు దారి చూపకుండును గాక" అనేదానికి. నాలుగు మూలల్లో ఉన్న సి, ఎస్, పి, బి అంటే పునీత పితరుడు బెనెడిక్ట్ సిలువ. పైన పాక్స్, అంటే శాంతి. అంచు చుట్టూ ఉన్న 14 అక్షరాలు సాతానును తరిమే మాటలు: "సాతానూ, వెనక్కు పో. నీ వ్యర్థపు మాటలతో నన్ను లాగకు. నువ్వు పోసేది చెడ్డది, ఆ విషం నువ్వే తాగు."

మొత్తం కలిపితే ఒక చిన్న ప్రార్థన. అయితే ఈ అక్షరాల అర్థం చాలాకాలం జనానికి గుర్తులేదు. 1647లో బవేరియాలోని నాటర్న్‌బర్గ్‌లో మంత్రగత్తెలన్న నేరం మోపి కొందరు ఆడవాళ్లను విచారించారు. మెట్టెన్ మఠంమీద తమ మంత్రాలు పారలేదని, అక్కడ సిలువ కాపాడుతోందని వాళ్లు చెప్పారట. వెళ్లి చూస్తే మఠం గోడలమీద ఈ అక్షరాలతో సిలువలు గీసి ఉన్నాయి. అర్థం చెప్పగలవాళ్లు లేరు. చివరికి మఠం గ్రంథాలయంలో 1415 నాటి రాతప్రతి దొరికింది, అందులో బొమ్మతోపాటు వాక్యాలు పూర్తిగా ఉన్నాయి. మెడల్ మహిమకు రుజువుగా ఈ కథను చాలామంది చెబుతుంటారు. భయపెట్టి, హింసించి రాబట్టిన మంత్రగత్తెల వాంగ్మూలాన్ని రుజువుగా తీసుకోవడం సబబు కాదు. ఈ కథలో గమనించాల్సింది వేరే ఉంది: అర్థం తెలియని అక్షరాలకే మహిమ పేరు వచ్చింది. 1741లో, మళ్లీ 1742లో 14వ బెనెడిక్ట్ పోపు మెడల్‌ను ఆమోదించినప్పుడు దాన్ని ప్రార్థనకు తోడుగానే ఆమోదించారు. కాబట్టి "ఒక అక్షరం అరిగిపోయింది, ఇంకా పనిచేస్తుందా?" అన్న ప్రశ్నకే తావు లేదు. ఆ ప్రశ్న తాయెత్తుకు తగినది.

కార్మెల్ మాత ఉత్తరీయానికీ ఇదే గతి పట్టింది. రెండు గోధుమరంగు ఉన్ని ముక్కలు, రెండు తాళ్లు, ఒక ముక్క ఎదమీదికి, ఒకటి వీపుమీదికి. మొదటిసారి గురువు ప్రార్థన చదివి వేయాలి. చిరిగితే కొత్తది వేసుకుంటే చాలు, ఆ ప్రార్థన మళ్లీ అక్కర్లేదు. చెమటకు ఉన్ని పడనివారు దాని బదులు మెడల్ వేసుకోవచ్చని పదవ పయస్ పోపు 1910లో అనుమతించారు. ఒకవైపు యేసు తిరుహృదయం, రెండోవైపు మరియమాత ఉండాలి. పొరపాటు ఎక్కడంటే, అది ఒంటిమీద ఉండగా చనిపోతే ఎలా బతికినా మోక్షం ఖాయం అనుకోవడంలో. ఉత్తరీయం మఠవాసుల దుస్తుకు చిన్నరూపం. వేసుకోవడమంటే వాళ్ల జీవితానికి తోడు నడుస్తానని ఒప్పుకోవడం.

ఇక బొమ్మల్ని తప్పుగా చదవడం. తెలుగు ఇళ్లలో విరివిగా కనిపించే నిత్యసహాయమాత పటాన్నే తీసుకుందాం. మూలచిత్రం రోములోని పునీత అల్ఫోన్సు దేవాలయంలో ఉంది, చెక్కమీద బంగారు నేపథ్యంతో వేసిన తూర్పు దేశపు శైలి పటం. 1866లో తొమ్మిదవ పయస్ పోపు దాన్ని రెడెంప్టరిస్టు గురువులకు అప్పగించారు. పటం చూసి "తల్లి ముఖం ఎందుకంత దిగులుగా ఉంది, దేవదూతల చేతుల్లో ఆయుధాలెందుకు" అని అడిగేవారున్నారు. మనకు ఎడమవైపు పైన ఉన్నది మిఖాయేలు, ఆయన చేతిలో ఈటె, పుల్లని ద్రాక్షరసపు పాత్ర, స్పంజి. కుడివైపు గబ్రియేలు, ఆయన చేతిలో సిలువ, మేకులు. అన్నీ ప్రభువు పాటుల పనిముట్లే. ఇద్దరూ వాటిని ఒట్టి చేతులతో ముట్టకుండా వస్త్రంతో పట్టుకున్నారు, పవిత్రమైనవని. బాలయేసు భుజం మీదుగా అటే చూస్తున్నాడు. రాబోయే బాధ కనపడి తల్లి ఒళ్లోకి ఉరికాడు. ఆ ఉరుకులో చెప్పు జారి వేలాడుతోంది. ఆ చెప్పును అందంకోసం వేశారనుకుంటే పటం కథంతా పోతుంది. పిల్లాడి రెండు చేతులూ తల్లి చేతిలో ఉన్నాయి, తల్లి చూపు మాత్రం పిల్లాడిమీద లేదు, మనమీద ఉంది. పక్కనున్న గ్రీకు అక్షరాలు మంత్రాలు కావు, పేర్లు: దేవుని తల్లి, యేసు క్రీస్తు, మిఖాయేలు, గబ్రియేలు.

తలచుట్టూ ఉన్న కాంతివలయం చూడటం అలవాటు చేసుకుంటే సగం తికమక తీరుతుంది. వలయంలో సిలువ గీతలుంటే అది దైవవ్యక్తి, దాదాపు ఎప్పుడూ క్రీస్తే. ఉత్త వలయం పునీతులకు. త్రిభుజాకారమైతే తండ్రి దేవుడు. పాత రోము మొజాయిక్‌లలో చదరపు వలయం కనిపిస్తుంది. బొమ్మ వేసేనాటికి ఆ మనిషి బతికున్నాడని దాని అర్థం. రోములోని సాంతా ప్రస్సేదె దేవాలయంలో 9వ శతాబ్దపు మొదటి పాస్కల్ పోపు అలాగే ఉంటారు. ఆ తర్వాత చేతుల్లో ఏముందో చూడాలి. ఖర్జూరపు మట్ట ఉంటే వేదసాక్షి, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారు. పళ్లెంలో రెండు కళ్లు పట్టుకుంది పునీత లూసీ. కత్తి, చేతిమీద వేలాడే ఒలిచిన తోలు పునీత బర్తొలొమయివి. ఇవన్నీ వాళ్లు పొందిన హింసకు ఆనవాళ్లు.

ఎక్కువమంది తడబడేది అంతోనివారి దగ్గర, మరియమ్మ భర్త జోజప్పగారి దగ్గర. ఇద్దరి చేతిలోనూ బాలయేసు, ఇద్దరి దగ్గరా లిల్లీ పువ్వు. జోజప్పకు గడ్డం ఉంటుంది, ఒంటిమీద పాతకాలపు పైవస్త్రం, పక్కన వడ్రంగి పనిముట్లు ఉండొచ్చు. పదువా అంతోనివారు గడ్డం లేని యువకుడు, నడినెత్తి గొరిగి ఉంటుంది, ఫ్రాన్సిస్కన్ అంగీ, నడుముకు మూడు ముడుల తాడు. చాలా స్వరూపాల్లో బాలయేసు ఆయన చేతిలోని పుస్తకంమీద కూర్చుని ఉంటాడు.

మరియమాత విషయంలో తికమక మరింత లోతు. లూర్దుమాత, ఆరోగ్యమాత, ఫాతిమామాత, కార్మెల్ మాత అంటూ విడివిడి మొక్కులు మొక్కేవాళ్లలో కొందరికి వీళ్లు వేర్వేరు తల్లులన్న భావన ఎక్కడో ఉంటుంది. గోవాలోని మాపుసాలో మిలాగ్రెస్ మాతను లైరాయి దేవత అక్కచెల్లెళ్లలో ఒకరిగా హిందువులూ క్రైస్తవులూ కలిసి చెప్పుకుంటారు. జానపదంగా ముచ్చటైన సంగతే, కతోలిక విశ్వాసం ప్రకారం మాత్రం ఉన్నది ఒక్క మరియమ్మ. పేర్లు దర్శనం ఇచ్చిన ఊరును బట్టో, బిరుదును బట్టో వచ్చాయి. 1924లో ఫాదర్ ఆర్లాటి స్వరూపం నిలిపిన విజయవాడ గుణదలలో జనం తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఈ నేలలోని మొక్కుబడి తీరు అక్కడికీ వచ్చింది. అందులో తప్పు వెతకక్కర్లేదు, ప్రజల భక్తిరూపాలను తిరుసభ గౌరవిస్తుంది. "ఇది ఇచ్చాను కాబట్టి అది ఇచ్చి తీరాలి" అన్న బేరం మొదలైతేనే తేడా.

గుణదలలో ఉన్నది లూర్దు రూపం. తెల్లని వస్త్రం, నీలి నడికట్టు, చేతికి జపమాల, పాదాలమీద పసుపు గులాబీలు. 1858లో లూర్దులో దర్శనం పొందిన బెర్నదెత్త చెప్పిన వివరాలతో శిల్పి ఫాబిష్ చెక్కిన స్వరూపాన్ని 1864లో లూర్దు గుహలో నిలిపారు. అది బెర్నదెత్తకు నచ్చలేదు, తాను చూసినట్టు లేదంది. యేసు ఎదనుంచి రెండు కిరణాలు వచ్చే దివ్యకారుణ్య పటం కథా అంతే. పోలండులో సిస్టర్ ఫౌస్తీనా 1931లో చూసినట్టు చెప్పిన రూపాన్ని 1934లో కజిమిరోవ్స్కి చిత్రించాడు. అది చూసి ఆమె ఏడ్చింది. రంగులోనూ కుంచెలోనూ కాదు, నా కృపలో ఉంది ఈ పటం గొప్పతనం అని ప్రభువు చెప్పినట్టు డైరీలో రాసుకుంది. చూసినవాళ్లే "ఇది అది కాదు" అన్నాక, ఫలానా అచ్చు మహిమగలది, ఫలానాది కాదు అని దుకాణంలో వాదించుకోవడం దేనికో అర్థం కాదు. పటంలోని రెండు కిరణాలను పోలండు జెండా రంగులని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. యోహాను 19:34లో ఈటెపోటుకు కారిన రక్తం, నీరు అవి. ఎర్రది రక్తం, లేతది నీరు. 1959లో రోము ఈ పటం, భక్తి వ్యాప్తిని నిషేధించి 1978లో ఆ నిషేధం ఎత్తేసింది.

కొన్ని గుర్తుల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. పాటుపడిన స్వరూపం కింద పుర్రె, ఎముకలు ఉంటే భయపడి గీకేయక్కర్లేదు. కపాలస్థలమనే గొల్గొతా కింద ఆదాము సమాధి ఉందన్న పాత నమ్మకం అది, మొదటి మనిషి మరణంమీద క్రీస్తు రక్తం పడిందని భావం. దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు దేహంగా స్వీకరించే అప్పం) ఉంచే మందసం తలుపుమీద ఎద పొడుచుకుని పిల్లలకు రక్తం తాగించే పక్షి గూడబాతు. నేలపట్టులో అసలు గూడబాతుల్ని చూసినవారు దాన్ని పోల్చుకోలేరు, ఎందుకంటే దాన్ని ఎన్నడూ చూడని యూరపు చిత్రకారులు గద్దలాగో హంసలాగో గీసేశారు. నిజం గూడబాతు అలా చేయదు కూడా. దివ్యసత్ప్రసాదానికి గుర్తుగా నిలిచింది కథ మాత్రమే. రెక్కల ఎద్దు నంది కాదు, గద్ద గరుత్మంతుడు కాదు. లూకా, యోహాను సువార్తికుల గుర్తులవి. మార్కుది సింహం, మత్తయిది మనిషి, మూలం యెహెజ్కేలు, దర్శన గ్రంథాల్లోని నాలుగు జీవులు. త్రిభుజంలో కన్ను త్రిత్వదేవుని చూపు. ఫ్రీమేసన్లు దాన్ని ప్రచారంలోకి తెచ్చింది 18వ శతాబ్దం చివర్లో, అప్పటికే అది దేవాలయాల్లో ఉంది.

యూట్యూబ్‌లో దండిగా దొరికే "వాటికన్ సర్పమందిరం" వీడియోలకు ఇంకాస్త చోటివ్వాలి. 1971లో నెర్వి కట్టిన ఆరవ పాల్ సభామందిరం అది. లోపలి పైకప్పు వంపును వైడ్ లెన్స్‌తో ఒకే ఒక్క కోణంలో తీసి, పక్క కిటికీలను కళ్లు చేస్తే పాము తల అవుతుంది. కోణం మారితే పామూ పోతుంది. వేదిక వెనక, 20 మీటర్ల వెడల్పున భయంగొలిపేలా ఉన్న లోహశిల్పం పెరికిలె ఫాజ్జిని చేసిన పునరుత్థానం, 1977లో ఆవిష్కరించారు. అణుబాంబు పేలిన గోతిలోంచి క్రీస్తు లేచి వస్తున్నట్టు ఆయన ఊహించాడు. ఆ సంగతి తెలియకుండా చూస్తే చిక్కుపడిన వేర్లలోంచి దయ్యం లేస్తున్నట్టే ఉంటుంది. శిల్పం నచ్చకపోవచ్చు, చాలామంది కతోలికులకు నచ్చలేదు కూడా. నచ్చకపోవడానికి, సాతాను పని అనడానికి మధ్య చాలా దూరం ఉంది. పోపుల చేతిలో కనిపించిన వంగిన సిలువకర్ర సంగతీ ఇంతే. లెల్లో స్కోర్జెల్లి చేసిన ఆ సిలువ అడ్డకమ్మీ దేహపు బరువుకు కుంగినట్టు ఉంటుంది.

జనం పొరబడేలా ఉన్న బొమ్మల్ని తిరుసభే తీసేయించిన సందర్భాలున్నాయి. ఒకే తలకు మూడు ముఖాలతో త్రిత్వాన్ని వేసే అలవాటును 1628లో ఎనిమిదవ అర్బన్ పోపు నిషేధించారు. పవిత్రాత్మను అందమైన యువకుడిగా చిత్రించడం తగదని 1745లో 14వ బెనెడిక్ట్ ఆగ్స్‌బర్గ్ మేత్రాణులకు (బిషప్‌కు) రాశారు. పావురంగా, అగ్నిజ్వాలలుగా గ్రంథంలో కనపడిన రూపాలే వేయాలన్నారు. కాబట్టి విచారణలో కొత్త స్వరూపం చేయించేటప్పుడు ఆర్టిస్టుకు వదిలేయకుండా నమూనా గీయించి, గురువుకు చూపించి, చేతిలోని వస్తువు, వలయం, వస్త్రం రంగు సరిచూసుకున్నాకే పోత పోయించాలి. పోత అయ్యాక దిద్దాలంటే ఖర్చు ఎక్కువ, గొడవ ఇంకా ఎక్కువ.

ఇంట్లోకి కొనేవారికి ఒక మాట. వస్తువును ముందు కొని తర్వాత ఆశీర్వాదం చేయించుకోవాలి. "ఆశీర్వదించినది" అని ఎక్కువ ధర చెబితే కొనొద్దు, ఆధ్యాత్మికమైనదాన్ని అమ్మడం, కొనడం రెండూ పాపమే. స్వరూపం చెయ్యి విరిగినా, జపమాల తెగినా అది అపశకునం కాదు. గొలుసు అరిగింది, అంతే. బాగుచేయించి వాడుకోవచ్చు. బాగుకానిదాన్ని చెత్తలో వేయకూడదు, గుడి ప్రహరీ పక్కన, చెట్టుకింద వదిలిపోవడమూ మర్యాద కాదు. పటం, ఉత్తరీయం లాంటి కాలేవాటిని కాల్చి బూడిద మట్టిలో కలపాలి. ప్లాస్టర్, మట్టి స్వరూపాలను ముక్కలు చేసి ఎవరూ తొక్కని చోట పాతాలి. ప్లాస్టర్ నీళ్లలో కరగదు గనక కాలువలో వేస్తే అలాగే పడి ఉంటుంది. లోహపు మెడల్‌నూ పాతడమే. మిగిలిన పవిత్ర జలం మొక్క మొదట్లో పోయొచ్చు. మ్రానికొమ్మల ఆదివారం తెచ్చుకున్న మట్టలు ఎండిపోతే, మరుసటి ఏడు విభూది బుధవారానికి వారం ముందే గుడికి ఇచ్చేయండి, ఆ రోజు నుదుట పెట్టే బూడిదకు కాల్చేది వాటినే.